పాత టాటా లారీ ఇంజన్‌కు టాపెట్లు సెట్ చేయడం, ఆయిల్ ప్రెషర్ చూడడం ఎలా?

పాత టాటా 1210 లారీని ఇంకా నడుపుతున్నవారూ, తండ్రి కొన్న బండిని షెడ్డులోంచి బయటికి తీసి బాగుచేసుకుంటున్నవారూ నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు రెండే. టాపెట్ శబ్దం (ఇంజన్ పైభాగంలో వాల్వుల దగ్గర టకటక) వస్తోంది, అక్కడ గ్యాప్ ఎంత పెట్టాలి అన్నది ఒకటి. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారిపోతోంది, ఇంజన్ దించాల్సిందేనా అన్నది రెండవది. ఈ రెండు పనులనూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటిగా చేసుకోవాలని నేను చెబుతాను. ఎందుకంటే టాపెట్లు చల్లారిన ఇంజన్‌లో కొలవాలి, ఆయిల్ ప్రెషర్ బాగా వేడెక్కిన ఇంజన్‌లో కొలవాలి, పైగా ఒక కొలతలో కనబడిన అనుమానానికి రెండవ కొలతలో జవాబు దొరుకుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దేన్నీ మార్చకముందే కొలవండి, కొలిచినదాన్ని కాగితం మీద రాయండి. పాత గ్యాప్ ఎంత ఉందో చూడకుండా పన్నెండు స్క్రూలనూ వదులు చేసి కొత్తగా బిగించేస్తే, ఇంజన్ లోపల ఏ వాల్వు దిగిపోతోందో, వాల్వును నొక్కి తెరిచే ఏ రాకర్ అరిగిపోతోందో చెప్పే సాక్ష్యం చేతులారా చెరిపేసినట్టే అవుతుంది.

ఏ ఇంజన్ గురించి

తర్వాత టాటా మోటార్స్‌గా పేరు మారిన టెల్కో సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో 1954లో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసిన తర్వాత కూడా ఇంజన్ మూలరూపం చాలా ఏళ్ళు అదే కొనసాగింది కాబట్టే పెద్ద మేస్త్రీలు వీటిని బెంజి ఇంజన్లు అనడం అలవాటు. ఇక్కడ చెప్పే పద్ధతి ఆరు సిలిండర్ల 692, 697 ఇంజన్లకు సంబంధించినది. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తర్వాతి రెండు అంకెలు బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో. అంటే 697 ఇంజన్ బోరు 97 మి.మీ., స్ట్రోకు 128 మి.మీ., మొత్తం 5,675 సీసీ. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-5-3-6-2-4. కింద ఇచ్చిన గ్యాప్, ప్రెషర్ అంకెలు 697కూ, దానికి మూలమైన బెంజి ఇంజన్‌కూ సరిపోయేవి. మీ ఇంజన్ 692 అయినా, మీ దగ్గర అసలు మాన్యువల్ ఉన్నా, ఆ ఇంజన్ మాన్యువల్‌లోని అంకెలనే పాటించండి. క్రమం మాత్రం ఇదే.

కావలసినవి

మిల్లీమీటర్లలో గుర్తులున్న మంచి ఫీలర్ గేజ్, లాక్ నట్‌కు సరిగ్గా సరిపోయే రింగ్ స్పానర్, వెడల్పు మొనగల స్క్రూడ్రైవర్, క్రాంక్ పుల్లీ బోల్టుకు సరిపోయే సాకెట్, పొడుగు హ్యాండిల్, కొత్త టాపెట్ కవర్ ప్యాకింగ్, సుద్దముక్క, కాటన్ వేస్ట్, కాగితం, పెన్సిలు. ఆయిల్ ప్రెషర్ కోసం 0 నుంచి 7 లేదా 10 కేజీల వరకు చూపే మెకానికల్ గేజ్, దానికి తగిన పైపు, బ్లాకు మీది మరకు సరిపోయే అడాప్టర్ కావాలి. గేజ్ మీద కేజీ అని రాసి ఉంటే అది చదరపు సెంటీమీటరుకు కిలో అని అర్థం. అలాంటి ఒక కేజీ అంటే చదరపు అంగుళానికి దాదాపు 14 పౌండ్లు.

ఫీలర్ గేజ్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. పాత సెట్లు కొన్ని అంగుళంలో వెయ్యవ వంతుల లెక్కలో ఉంటాయి. వాటిలో 20 అని రాసి ఉన్న రేకు 0.20 మి.మీ. కాదు, అర మిల్లీమీటరుకు పైగా ఉంటుంది. మీ దగ్గర అలాంటి సెట్టే ఉంటే 0.20 మి.మీ.కి 8వ నంబరు రేకు, 0.30 మి.మీ.కి 12వ నంబరు రేకు వాడాలి. రేకు అంచు వంగినా, గీతలు పడినా దాన్ని పక్కన పెట్టేయండి.

మొదటి భాగం: టాపెట్లు

నిజానికి టాపెట్ అనేది క్యామ్ షాఫ్ట్ మీద కూర్చునే ముక్క, మనం సరిచేసేది పైన రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య ఉన్న సందు. అయితే పనిచేసే చోట అందరూ అనేది టాపెట్ సెట్టింగ్ అనే కాబట్టి ఇక్కడా అదే మాట వాడుతున్నాను.

1. బండిని ముందు రోజు సాయంత్రమే సమతలంగా ఉన్న చోట నిలిపి, ఇంజన్‌ను రాత్రంతా చల్లారనివ్వండి. గంట సేపు ఆపితే చాలు అనుకోకండి. ఇంజన్ చల్లారేటప్పుడు మొదటి సిలిండర్ దగ్గర ఒక వేడి, మధ్యలో ఇంకొక వేడి ఉంటాయి. అలాంటప్పుడు ఒకే రేకుతో పన్నెండు వాల్వులూ సరిచేస్తే, పూర్తిగా చల్లారాక పన్నెండు రకాల గ్యాప్‌లు మిగులుతాయి.

2. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. డీజిల్‌ను ఆపే స్టాప్ నాబ్ లాగి, అది వెనక్కి రాకుండా అలాగే కట్టేయండి. డీజిల్ ఇంజన్ మండడానికి కరెంటు అక్కర్లేదు. కాబట్టి స్టాప్ లాగకుండా ఇంజన్‌ను చేత్తో తిప్పవద్దు. కొందరు టాప్ గేరు వేసి బండిని తోస్తూ ఇంజన్‌ను తిప్పుతారు. కవర్ విప్పి లోపల వేళ్ళు పెట్టి ఉన్నప్పుడు ఆ పద్ధతి ఎంతమాత్రం మంచిది కాదు.

3. టాపెట్ కవర్ చుట్టూ ఉన్న దుమ్మును గాలితోనో బ్రష్‌తోనో పూర్తిగా తుడిచాకే కవర్ విప్పండి. ఆ దుమ్ము పుష్ రాడ్ (రాకర్‌ను కింది నుంచి నెట్టే కడ్డీ) రంధ్రాల గుండా ఛాంబర్‌లోకి, అంటే అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగితే, మీరు మధ్యాహ్నం కొలవబోయే ఆయిల్ ప్రెషర్‌కే ముప్పు తెస్తుంది.

4. పనిముట్లు పట్టుకోకముందు ఐదు నిమిషాలు ఊరికే చూడండి. రాకర్లన్నీ ఆయిల్‌తో తడిగా ఉన్నాయా, ఏదైనా ఒకటి పొడిగా, గోధుమరంగు తేలి ఉందా? రాకర్ షాఫ్ట్ బ్రాకెట్ల నట్లు బిగువుగా ఉన్నాయా? వాల్వు స్ప్రింగులన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా? కవర్ లోపల తెల్లని, చిక్కటి మజ్జిగ లాంటి పొర ఉంటే నీరు చేరుతోందని అనుమానించాలి. తక్కువ దూరాలు తిరిగే బండిలో కొద్దిపాటి తేమ వల్ల కూడా అలాంటి పొర రావచ్చు కాబట్టి ఆయిల్ డిప్ స్టిక్ కూడా చూసి నిర్ధారించుకోండి. హెడ్ ఇటీవల దించి ఎక్కించి ఉంటే, హెడ్ బిగింపు ముందు సరిచూసుకోవాలి, టాపెట్లు ఆ తర్వాతే. హెడ్ బిగిస్తే ఈ గ్యాప్‌లు మారిపోతాయి.

5. ఇప్పుడు ఏది ఇన్‌లెట్ వాల్వో, ఏది ఎగ్జాస్ట్ వాల్వో తేల్చుకుని, ప్రతి రాకర్ పక్కన సుద్దతో ‘ఇ’ అని గానీ ‘ఎ’ అని గానీ రాయండి. జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. మానిఫోల్డ్ గొట్టం ఏ వాల్వుకు ఎదురుగా హెడ్‌లోకి వెళ్తోందో చూస్తే తెలుస్తుంది. సందేహం ఉంటే, పుల్లీ బోల్టుతో ఇంజన్‌ను అది మామూలుగా తిరిగే దిశలోనే, అంటే ముందు నిలబడి చూసేవారికి గడియారం ముల్లు తిరిగే వైపు, నెమ్మదిగా తిప్పండి. ఒక సిలిండర్‌లో రెండు రాకర్లూ ఒకేసారి కదిలే చోట, పైకి లేస్తూ మూసుకుంటున్నది ఎగ్జాస్ట్ వాల్వు, వెంటనే కిందికి దిగుతూ తెరుచుకోవడం మొదలుపెట్టినది ఇన్‌లెట్ వాల్వు.

6. ఆ రెండు రాకర్లూ తక్కెడ పళ్ళేల్లా ఒకటి పైకీ ఒకటి కిందికీ కదిలే ఆ స్థానమే ఈ పని మొత్తానికీ ఆధారం. ఆరవ సిలిండర్ రాకర్లు అలా కదులుతున్న చోట ఇంజన్ ఆపితే, మొదటి సిలిండర్ కంప్రెషన్ చివరన, రెండు వాల్వులూ పూర్తిగా మూసుకుని ఉంటాయి. అప్పుడు మొదటి సిలిండర్ గ్యాప్ చూడాలి. అక్కడి నుంచి పుల్లీని మూడింట ఒక వంతు చుట్టు చొప్పున తిప్పుతూ ఈ వరుసలో వెళ్ళండి:

6వ సిలిండర్ రాకర్లు కదులుతుంటే 1వ దాన్ని చూడాలి.
2వ దానివి కదులుతుంటే 5వ దాన్ని.
4వ దానివి కదులుతుంటే 3వ దాన్ని.
1వ దానివి కదులుతుంటే 6వ దాన్ని.
5వ దానివి కదులుతుంటే 2వ దాన్ని.
3వ దానివి కదులుతుంటే 4వ దాన్ని.

ఈ పద్ధతికి పుల్లీ మీద గుర్తులు కనబడనక్కరలేదు. ఏళ్ళ తరబడి గ్రీజు, తుప్పు పట్టిన బండ్లలో అదే పెద్ద సదుపాయం. సరైన స్థానం దాటిపోతే పావు చుట్టు వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తెచ్చి ఆపండి.

పుల్లీని తిప్పడం కష్టంగా ఉన్న చోట రెండే స్థానాల్లో పని ముగించే మార్గం కూడా ఉంది. 6వ సిలిండర్ రాకర్లు కదిలే చోట ఆపి 1వ దాని రెండు వాల్వులు, 2, 4 సిలిండర్ల ఇన్‌లెట్లు, 3, 5 సిలిండర్ల ఎగ్జాస్టులు చూడాలి. పూర్తిగా ఒక చుట్టు తిప్పి, 1వ సిలిండర్ రాకర్లు కదిలే చోట ఆపి 6వ దాని రెండు వాల్వులు, 3, 5 సిలిండర్ల ఇన్‌లెట్లు, 2, 4 సిలిండర్ల ఎగ్జాస్టులు చూడాలి. చేయి తిరిగినవారికి ఇది సౌకర్యమే. మొదటిసారి చేసేవారు మాత్రం ఒక్కో సిలిండర్ పద్ధతిలోనే వెళ్ళడం మంచిది. ఇందులో ఒక్క వాల్వు తారుమారైనా చివరి పరీక్ష వరకు బయటపడదు.

7. మొదటి రౌండులో స్పానర్ ముట్టుకోకుండా పన్నెండు గ్యాప్‌లూ కొలిచి రాయండి. దూరే రేకుల్లో పెద్దది ఏదో అదే ఆ వాల్వు గ్యాప్. ఇక్కడ తొందరపడవద్దు, ఎందుకంటే ఈ పన్నెండు అంకెలే మీ ఇంజన్ చెప్పే సంగతి. ఒక ఎగ్జాస్ట్ వాల్వు గ్యాప్ మిగతావాటికంటే బాగా తగ్గిపోయి ఉంటే, ఆ వాల్వు సీటులోకి దిగుతోందని అర్థం. ప్రతిసారీ అదే వాల్వు తగ్గుతుంటే ఎన్నిసార్లు సరిచేసినా లాభం లేదు, హెడ్ దించి సీటు చూడాల్సిందే. ఒక వాల్వు గ్యాప్ బాగా పెరిగి ఉంటే అరుగుదల రాకర్‌లోనో, పుష్ రాడ్ కొనలోనో, క్యామ్ మీదో ఉంది, లేదా పుష్ రాడ్ వంగింది. మూసుకున్న వాల్వు పుష్ రాడ్‌ను రెండు వేళ్ళతో తిప్పి చూడండి. అది ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. అనుమానం ఉన్నదాన్ని బయటికి తీసి గాజు పలక మీద దొర్లిస్తే వంపు ఇట్టే కనబడుతుంది.

8. రెండవ రౌండులో సరిచేయండి. చల్లని ఇంజన్‌లో ఇన్‌లెట్‌కు 0.20 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.30 మి.మీ. లాక్ నట్‌ను అర చుట్టు వదులు చేసి, రేకును రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య పెట్టి, స్క్రూను నెమ్మదిగా బిగిస్తూ రేకును ముందుకూ వెనక్కూ కదపండి. మూసిన పుస్తకం పేజీల మధ్య నుంచి కాగితం లాగుతున్నప్పుడు వేళ్ళకు తగిలేంత పట్టు దొరకగానే ఆపేయండి. రేకును బలంగా లాగాల్సి వస్తే బిగువు ఎక్కువైంది.

9. స్క్రూడ్రైవర్‌తో స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించండి, బిగించాక మళ్ళీ కొలవండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. నట్ బిగిసేటప్పుడు మరల్లో ఉన్న ఖాళీ మేరకు స్క్రూ పైకి లాగబడవచ్చు, లేదా నట్‌తో పాటు కొద్దిగా తిరిగిపోవచ్చు; ఎటు జరిగినా మీరు అప్పటిదాకా పట్టుకున్న పట్టు మారిపోతుంది. రెండు మూడు వాల్వుల తర్వాత మీ ఇంజన్ నట్లు ఎటు లాగుతున్నాయో చేతికే తెలుస్తుంది, అంత మేరకు ముందే ఎక్కువో తక్కువో పెట్టుకోవచ్చు. అయినా బిగించాక కొలవడం మాత్రం మానకండి.

10. సరిచూడడానికి పక్కపక్క కొలతల రెండు రేకులు వాడండి. ఇన్‌లెట్‌లో 0.15 రేకు తేలికగా దూరాలి, 0.25 రేకు దూరకూడదు. ఎగ్జాస్ట్‌లో 0.25 తేలికగా దూరాలి, 0.35 దూరకూడదు. పట్టు అనేది మనిషి మనిషికీ మారుతుంది గానీ ఈ పరీక్షలో అలాంటి తేడా ఉండదు. పన్నెండూ అయ్యాక ఇంజన్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి, మొదటి నుంచి మరోసారి చూడండి.

రాకర్ మొన అరిగి గుంట పడి ఉంటే ఫీలర్ రేకు ఆ గుంట అంచుల మీద వంతెనలా నిలబడుతుంది. గేజ్ 0.20 చూపినా అసలు గ్యాప్ ఇంకా ఎక్కువే ఉంటుంది, శబ్దం తగ్గదు. అలాంటి చోట గుంటలో పట్టేంత సన్నగా కత్తిరించిన రేకుతో కొలవాలి, లేదా రాకర్ మొన మీద డయల్ గేజ్ నిలిపి, రాకర్‌ను చేత్తో ఆడించి, ముల్లు ఎంత కదిలిందో చూడాలి. శాశ్వత పరిష్కారం మాత్రం రాకర్ మొనను సానపట్టించడమో, రాకర్ మార్చడమో.

శబ్దం విని సరిచేయడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో స్క్రూ బిగిస్తూ, టకటక ఆగిన చోట వదిలేయడం కొన్నిచోట్ల అలవాటుగా ఉంది. నా బండికి ఒకసారి అలాగే చేశారు, ఇంజన్ గడియారంలా నిశ్శబ్దంగా ఉందని నేనూ సంతోషించి డబ్బులిచ్చి వచ్చాను. మూడు వారాల తర్వాత మారేడుమిల్లి ఘాట్‌లో వెదురు లోడుతో ఎక్కుతుండగా బండి బలం తగ్గిపోయింది, ఆగి ఐడిలింగ్‌లో పెడితే ఆరింట ఒక దెబ్బ తప్పుతున్నట్టు వినిపించింది. హెడ్ దించితే నాలుగవ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు, కొరికిన అప్పడంలా, వేలు పట్టేంత మేర కాలిపోయి ఉంది. గ్యాప్ లేని వాల్వు వేడెక్కి పొడవు పెరిగినప్పుడు సీటు మీద పూర్తిగా కూర్చోలేదు. కూర్చోకపోతే తన వేడిని సీటుకు అందించలేదు, మండుతున్న వాయువు ఆ సన్నని సందులోంచి దూసుకుపోయి అంచును కోసేస్తుంది. గ్యాప్ కొంచెం ఎక్కువైతే చెవికి వినబడుతుంది కాబట్టి మనం సరిచేసుకుంటాం. తక్కువైతే వినబడేది ఏమీ ఉండదు. ఈ ఇంజన్‌కు సన్నని, సమానమైన టాపెట్ శబ్దం ఉండడమే ఆరోగ్యం.

11. కవర్ మూసేముందు స్టాప్ నాబ్ విప్పి, బ్యాటరీ తీగ కలిపి, ఒక్క నిమిషం ఐడిలింగ్‌లో నడిపి రాకర్లను చూడండి. కొంచెం ఆయిల్ చిమ్ముతుంది కాబట్టి ఎగ్జాస్ట్ వైపు అట్టముక్క అడ్డం పెట్టుకోండి, వదులు బట్టలు, వేలాడే తువ్వాలు దూరంగా ఉంచండి. ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరుతూ ఉండాలి. ఆయిల్ ప్రయాణంలో చివరి మజిలీ ఇదే. ఇక్కడికి చేరకపోతే దారిలో ఎక్కడో మూసుకుపోయింది, లేదా కింద ప్రెషర్ చాలడం లేదు. పొడిగా ఉన్న రాకర్ చేసే శబ్దం ఏ గ్యాప్‌తోనూ పోదు.

12. కొత్త ప్యాకింగ్‌తో కవర్ మూయండి. కార్క్ ప్యాకింగ్‌ను నలిగిపోయేంత బిగించవద్దు. అది చీలి, ఆయిల్ వేడి మానిఫోల్డ్ మీదికి కారుతుంది.

రెండవ భాగం: ఆయిల్ ప్రెషర్

డ్యాష్‌బోర్డు గేజ్ చూసి ఇంజన్ దించే నిర్ణయం ఎప్పుడూ తీసుకోవద్దు. ముప్పై నలభై ఏళ్ళ నాటి గేజ్ తప్పు చూపడం చాలా మామూలు విషయం, దానికి వెళ్ళే సన్నని రాగి పైపు నలిగినా, లోపల జిడ్డు గడ్డకట్టినా ముల్లు బద్ధకంగా కదులుతుంది. ముందు నమ్మకమైన గేజ్‌తో కొలవాలి.

1. ముందు ఆయిల్‌ను చూడండి. లెవెల్ రెండు గీతల మధ్య ఉండాలి. మీరు పోయకుండానే లెవెల్ పెరిగి ఉంటే, వాసన చూసినప్పుడు డీజిల్ తెలుస్తుంటే, లోపలికి డీజిల్ దిగుతోంది. ఒక చుక్క ఆయిల్‌ను ఫిల్టరు కాగితం మీద వేసి కొంతసేపు ఆగండి. నల్లని మధ్యభాగం చుట్టూ లేత రంగు వలయం బాగా వెడల్పుగా పాకితే ఆ అనుమానం బలపడుతుంది. డీజిల్ పంపు నుంచో, కారే నాజిల్ నుంచో వచ్చే ఆ డీజిల్‌ను ఆపి, ఆయిల్, ఫిల్టరు మార్చాకే ప్రెషర్ కొలవాలి. పలచబడిన ఆయిల్‌తో కొలిచిన ప్రెషర్ ఇంజన్ గురించి ఏమీ చెప్పదు.

2. ఇంజన్ ఆగి ఉండగా, డ్యాష్‌బోర్డు గేజ్ పైపు బ్లాకు మీద మెయిన్ ఆయిల్ గ్యాలరీకి (ఆయిల్ పారే ప్రధాన దారికి) చేరే చోట విప్పి, అక్కడ మీ గేజ్ బిగించండి. అడాప్టర్ వేళ్ళతోనే మూడు నాలుగు చుట్లు తిరగాలి. తిరగకపోతే మర వేరు, బలవంతంగా బిగిస్తే బ్లాకులోని మర పాడవుతుంది. పైపు ఫ్యాను బెల్టుకూ, ఎగ్జాస్ట్‌కూ తగలకుండా కట్టండి. వేడి ఆయిల్ ఒత్తిడితో చిమ్మితే చర్మం కాలుతుంది, వేడి మానిఫోల్డ్ మీద పడితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

3. ఇంజన్ స్టార్ట్ చేసి రేసు ఇవ్వకుండా గేజ్ చూడండి. కొన్ని సెకన్లలోనే ముల్లు లేవాలి. పది సెకన్లయినా లేవకపోతే వెంటనే ఆపేయండి. నెలల తరబడి కదలని బండి అయితే, స్టాప్ నాబ్ లాగి ఉంచి, ప్రెషర్ కనబడేదాకా సెల్ఫ్‌ను మధ్యలో ఆపుతూ ఆపుతూ తిప్పి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి.

4. చల్లని ఇంజన్‌లో ప్రెషర్ ఎక్కువగా కనబడుతుంది. దాన్ని చూసి సంతోషించి పని ఆపేయవద్దు. అంకె రాసుకుని, బండిని ముప్పై నుంచి నలభై నిమిషాలు రోడ్డు మీద నడిపి రండి. నీటి వేడి 80 డిగ్రీలకు త్వరగానే చేరుతుంది గానీ, ఛాంబర్‌లోని ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. నిలబెట్టి ఐడిలింగ్‌లో ఉంచితే ఆయిల్ సరిగా వేడెక్కదు.

5. వేడి ఇంజన్‌లో మూడు చోట్ల కొలవండి: ఐడిలింగ్‌లో, నిమిషానికి 1,500 చుట్ల దగ్గర, 2,800 చుట్ల దగ్గర. చుట్లు చూపే మీటరు ఈ బండ్లలో సాధారణంగా ఉండదు. పుల్లీ మీద మెరిసే స్టిక్కర్ అంటించి చూసే చేతి టాకోమీటర్ ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతుంది. పూర్తి రేసులో కొన్ని సెకన్లకు మించి ఉంచవద్దు.

697 ఇంజన్‌లో, వేడి మీద, ఐడిలింగ్‌లో అర కేజీకి తగ్గకూడదు, పూర్తి చుట్ల దగ్గర రెండున్నర కేజీలకు తగ్గకూడదు. ఇవి కనీస హద్దులు. బాగున్న ఇంజన్ వీటికంటే పైనే చూపిస్తుంది. ఇక్కడే చాలామంది భయపడుతుంటారు: చల్లగా ఉన్నప్పుడు నాలుగు కేజీలు చూపిన ముల్లు, వేడెక్కాక ఐడిలింగ్‌లో ఒక కేజీకి వచ్చిందంటే ఇంజన్ అయిపోయినట్టు కాదు. చుట్లు పెంచగానే ముల్లు వెంటనే లేస్తోందా, 1,500 దగ్గర స్థిరంగా నిలుస్తోందా అన్నదే అసలు చూడాల్సింది.

కొలిచిన అంకెలను ఎలా చదవాలి

ఐడిలింగ్‌లో హద్దు కంటే తగ్గి, రేసులో బాగానే ఉంటే, చాలావరకు క్రాంక్ షాఫ్ట్ తిరిగే బిగ్ ఎండ్, మెయిన్ బేరింగుల అరుగుదల కారణం. సందు పెరిగిన బేరింగుల నుంచి ఆయిల్ కారిపోతుంటే తక్కువ చుట్లలో ఆయిల్ పంపు దాన్ని భర్తీ చేయలేదు. అయితే ఆ నిర్ణయానికి ముందు సరైన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి మరోసారి కొలవాలి.

అన్ని చుట్లలోనూ సమానంగా తక్కువ ఉంటే, రేసు పెంచినా ఒక చోట ఆగిపోతుంటే, ముందు, ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు చూడండి. దాని స్ప్రింగు విరిగినా, చెత్త అడ్డంపడి తెరుచుకుని ఉండిపోయినా ఆయిల్ తిరిగి ఛాంబర్‌లోకే పోతుంది. తర్వాత ఛాంబర్ దించి జల్లెడ, పీల్చే పైపు అతుకు, చివరగా పంపు గేర్లు చూడాలి. ఈ క్రమం ఎందుకంటే ఖర్చు తక్కువ పని ముందు, ఎక్కువ పని తర్వాత.

ముల్లు వణుకుతూ ఉంటే ఆయిల్ లెవెల్ తక్కువై గానీ, పీల్చే పైపు అతుకు వదులై గానీ పంపు గాలి మింగుతోంది. మలుపుల్లో, వాలులో మాత్రమే పడిపోతుంటే లెవెల్ చూడండి. వేడి మీద కూడా ఎప్పుడూ బాగా ఎక్కువే చూపుతుంటే రిలీఫ్ వాల్వు మూసుకుని పట్టేసి ఉండవచ్చు, ఆయిల్ మరీ చిక్కనిది పోసి ఉండవచ్చు. నడుస్తుండగా సున్నాకు పడిపోతే ఇంటికి వెళ్ళి చూద్దాం అనుకోవద్దు; అక్కడే ఇంజన్ ఆపండి. ఒక కిలోమీటరు మొండిగా నడిపితే క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్ ఖర్చు మీద పడుతుంది.

రెండు దిద్దుబాట్ల జోలికి మాత్రం వెళ్ళవద్దని బతిమాలి చెబుతున్నాను. ఒకటి, రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషర్ పెట్టి ముల్లును పైకి లేపడం. ఐడిలింగ్‌లో ఆ వాల్వు ఎలాగూ మూసుకునే ఉంటుంది కాబట్టి అసలు జబ్బుకు అది మందే కాదు; పైగా చల్లని ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఒత్తిడి హద్దు దాటి ఫిల్టరు ప్యాకింగ్‌ను, పంపు డ్రైవును దెబ్బతీస్తుంది. రెండవది, బాగా చిక్కని ఆయిల్ పోయడం. గేజ్ మీద అంకె పెరుగుతుంది గానీ, ఉదయం స్టార్ట్ చేశాక రాకర్ల దాకా ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, మీరు పొద్దున్న సెట్ చేసిన టాపెట్ల మొనలు ఆ కాసేపూ పొడిగా కొట్టుకుంటాయి. కొనేవారికి చూపించడానికి ఇలా చేసిన బండ్లు తిరుగుతుంటాయి కాబట్టి, పాత లారీ కొనబోయేవారు వేడి ఇంజన్‌లో, సొంత గేజ్‌తో కొలవనిస్తేనే బేరం మాట్లాడండి.

పని అయ్యాక

గేజ్ విప్పి, పాత పైపు కలిపి, స్టార్ట్ చేసి అతుకు దగ్గర చెమ్మ ఉందేమో వేలితో చూడండి. అదే సమయంలో డ్యాష్‌బోర్డు గేజ్ ఎంత చూపుతోందో, మీరు కొలిచిన దానికి ఎంత తేడా ఉందో రాసుకుంటే, ఇకమీదట ఆ తేడా కలుపుకుని చదువుకోవచ్చు. కాగితం మీద తేదీ, మీటరు కిలోమీటర్లు, పన్నెండు పాత గ్యాప్‌లు, వేడి మీద మూడు ప్రెషర్లు, పోసిన ఆయిల్ గ్రేడు రాసి, ఒక ప్లాస్టిక్ కవరులో క్యాబిన్‌లోనే ఉంచండి.

హెడ్ దించి ఎక్కించిన ఇంజన్ అయితే 500 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చల్లని ఇంజన్‌లో హెడ్ బిగింపు, ఆ తర్వాత గ్యాప్‌లు చూడాలి. హెడ్ ముట్టుకోని ఇంజన్‌లో కూడా, మొదటి కొలతలో బాగా తగ్గి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు ఏదైనా ఉంటే, దాన్ని ఒక్కదాన్ని 1,000 కిలోమీటర్లకు చూడండి. 0.30 దగ్గర పెట్టినది మళ్ళీ 0.20కి వచ్చి ఉంటే, తర్వాతి లోడు ఒప్పుకోకముందే హెడ్ దించే ఏర్పాటు చేసుకోండి.